ఉమ్మడి చెరువు, కంపెనీ తూము

2020వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన అమెరికాదేశమందలి రెడ్ హ్యాట్ కంపెనీ యొక ప్రకటన చేసెను. సెంటాస్ అను కంప్యూటరు వ్యవస్థయొక్క ఎనిమిదవ కూర్పు 2021వ సంవత్సరాంతముతో నిలిచిపోవుననియు, ఆపైన దానికి మరమ్మతు లుండబోవనియు దాని సారాంశము. ఆ కూర్పు 2029వ సంవత్సరము వఱకు ఉండునని నమ్మి లోకమందలి విశ్వవిద్యాలయములును, పరిశోధనాలయములును, చిన్న వర్తక సంస్థలును తమ యంత్రములపై దానిని ఎక్కించుకొనుచుండెను. తొమ్మిదేండ్ల ఆయువు మిగిలియున్న దనుకొన్న దానికి ఒక్క యేడు గడువు ఈయబడెను. విచిత్ర మేమనగా, దానికంటె పాతదైన ఏడవ కూర్పునకు 2024 జూను వఱకు ఆయువు యథాప్రకారముగ నిలిచినది. తండ్రి బ్రదికి యుండగనే కొడుకునకు కర్మాంతరము జరిగినది.

సెంటాస్ అన నేమి, దానికొఱకు ఇంత వగపేల యని అడుగు చదువరు లుందురు. కంప్యూటరు చేయు ప్రతి పనికిని వెనుక మనుష్యుడు వ్రాసిన వ్రాత యొకటి కలదు. దానిని సోర్స్ కోడ్ అందురు. ఈ వ్రాతను పెట్టెలో పెట్టి తాళము వేసి, దాని ఫలమును మాత్రమే అమ్ముకొనుట వర్తకుల పద్ధతి. 1983వ సంవత్సరమున రిచర్డ్ స్టాల్మన్ అను అమెరికా దేశీయుడు ఈ పద్ధతిని త్రోసిపుచ్చి, వ్రాత యెల్లరకును తెఱచియుండవలెననియు, ఎవరైనను దానిని చదివి, దిద్ది, పంచుకొనవచ్చుననియు చాటి, గ్నూ అను పేర నొక మహాకార్యము నారంభించెను. ఆ స్వాతంత్ర్యమును ఎవ్వరును హరింపకుండునట్లు 1989లో జి.పి.ఎల్. అను లైసెన్సు వెలువడినది. ఈ వ్రాతను మార్చి ఇతరులకు ఇచ్చువాడు తనకు దొరికిన స్వేచ్ఛనే వారికిని ఈయవలెను. ఇదియే దానిలోని ముఖ్య నియమము. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాసిన లినక్స్ మరుసటి యేట ఈ లైసెన్సు నీడకు వచ్చెను. నేడు లోకమందలి సర్వరులలో అధికభాగమునను, మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులలోను లోపల కూర్చున్నది ఆ లినక్సే.

రెడ్ హ్యాట్ ఈ ఉమ్మడి వ్రాతను ఒక క్రమమున కూర్చి, పదేండ్లపాటు మరమ్మతులు చేయుదుమని పూచీపడి, ఆ పూచీకి సొమ్ము పుచ్చుకొను కంపెనీ. ఇది ధర్మమైన వ్యాపారమే. అయితే వ్రాత తెఱచియుండుటచే, 2004లో కొందఱు స్వచ్ఛంద సేవకులు ఆ కూర్పునే తీసికొని, కంపెనీ పేరును ముద్రలను తొలగించి, తిరిగి కట్టి, ఉచితముగ పంచసాగిరి. అదియే సెంటాస్. పూచీ కావలసినవారు కంపెనీ కడకును, తమ పని తాము చక్కబెట్టుకొనగలవారు సెంటాస్ కడకును పోవుచుండిరి. పదేండ్లు ఇట్లు గడచిన పిమ్మట 2014 జనవరిలో రెడ్ హ్యాట్ సెంటాసును చేరదీసెను. దానిని నడుపువారిలో ముఖ్యులకు జీతము లేర్పడినవి. దాని పేరు కంపెనీ ట్రేడు మార్కయ్యెను. పాలకమండలిలో కంపెనీవారు కూర్చుండిరి. నాడు దీనిని శుభవార్తగా నెంచినవారు పెక్కురు. రాత్రింబవళ్లు ఊరక పాటుపడుచున్నవారికి కూడు దొరకినదని సంతోషించుట తప్పెట్లగును? 2019 జులైలో ఐ.బి.ఎం. కంపెనీ 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాటునే కొనివేసెను. పదునేడు నెలలు నిండునంతలో పైజెప్పిన ప్రకటన వెలువడెను. ఐ.బి.ఎం. ఆజ్ఞయే దీనికి కారణమని మేము నిందింపబోము. ఆజ్ఞ ఎవరిదైన నేమి? ఆజ్ఞాపింప వీలగు స్థితి 2014లోనే ఏర్పడినది.

నమ్మి చెడినవారు అమాయకులు కారు. అమెరికాలోని ఫెర్మిలాబ్, జెనీవాయొద్దనున్న సెర్న్, ఈ రెండును పరమాణుగర్భమును పరిశోధించు మహాసంస్థలు. ఇవి సైంటిఫిక్ లినక్స్ అను తమ సొంత కూర్పును పెక్కేండ్లు పోషించుకొనినవి. 2019లో ఫెర్మిలాబ్ వారు ఆ సొంత కూర్పునకు ఎనిమిదవ సంచిక తేబోమనియు, సెంటాస్ ఎనిమిదినే వాడుకొందుమనియు ప్రకటించిరి. ఒకే పనిని ఇరువురు చేయనేల యను సద్బుద్ధియే వారిది. సొంత బావి పూడ్చుకొని ఊరి చెరువును నమ్ముకొనిరి. మరుసటి యేటనే ఆ చెరువు తూము మూతపడెను. విశ్వముయొక్క మూలకణమును వెదకువారు సైతము తూము తాళపుచెవి ఎవరి మొలలో నున్నదో వెదకలేదన్నమాట.

ఇక్కడ చదువరులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఇంత జరిగినను లైసెన్సులో ఒక్క అక్షరమైనను ఉల్లంఘింపబడలేదు. సెంటాస్ వ్రాత అట్లే తెఱచియున్నది, ఎవరైన తీసికొనిపోవచ్చును. పోయిన దేమి? పేరు పోయినది, ఆ పేరుపై జనులకు గల నమ్మిక పోయినది, పని చేయు చేతులు పోయినవి, ఎప్పుడు ఏమి చేయవలెనో నిర్ణయించు అధికారము పోయినది. లైసెన్సు వ్రాతను కాపాడునే గాని వ్రాతను పోషించు సంఘమును కాపాడదు. మూడు దశాబ్దములుగ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదులలో అధికులు లైసెన్సునే కోటగోడ యనుకొని నిశ్చింతగ నుండిరి. గోడ చెక్కుచెదరకయే కోట చేతులు మారునని వారు తలపలేదు.

కథ అంతటితో ముగియలేదు. సెంటాస్ స్థాపకులలో నొకరైన గ్రెగరీ కర్ట్‌జర్ రాకీ లినక్స్ అను క్రొత్త కూర్పును తలపెట్టెను. 2021 మార్చిలో ఆల్మా లినక్స్ అను మఱియొకటి బయలుదేరెను. ఇవి కాళ్లూనుకొనుచుండగనే, 2023 జూనులో రెడ్ హ్యాట్ తన వ్యాపారకూర్పుయొక్క మూలవ్రాతను బహిరంగముగ ఉంచుట మానివేసెను. సొమ్ము చెల్లించువారికి వ్రాత దొరకును; కాని వారు దానిని ఇతరులకు పంచినచో కంపెనీ తన ఒప్పందమును రద్దుచేసికొనవచ్చును. పంచుకొను హక్కును లైసెన్సు ఇచ్చుచున్నది. పంచుకొన్నవానికి రేపు మరమ్మతులు దొరకవని అగ్రిమెంటు బెదరించుచున్నది. ఇది న్యాయశాస్త్రమునకు సరిపడునో లేదో న్యాయవాదులు వాదులాడుకొందురు గాక. ఉదారాశయమునకు సరిపడదనుట మాత్రము స్పష్టము. ఈ సందర్భమున నొక వినోదము కూడ జరిగినది. 2023 ఆగస్టులో స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ రక్షణకై కంకణము కట్టుకొన్న మూడు కంపెనీలలో ఒరాకిల్ ఒకటి. 2010లో సన్ కంపెనీని మ్రింగి ఓపెన్ సొలారిస్‌ను కడతేర్చిన ఒరాకిలే! పులి గోవ్రతము పూనిన దనవచ్చును.

అయినను కంపెనీల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు; వానిని చెప్పకుండుట పత్రికాధర్మము కాదు. లినక్స్ కెర్నెలునకు నేడు అందుచున్న దిద్దుబాట్లలో నూటికి ఎనుబది పాళ్లకు పైగ జీతములు పుచ్చుకొని చేయువారివే. రెడ్ హ్యాట్ జీతములిచ్చి వ్రాయించిన వ్రాత అపారము. దానిని తీసికొని, ముద్ర మార్చి, తక్కువ ధరకు పూచీ అమ్ముకొను పోటీదారు వచ్చినప్పుడు కంపెనీకి కడుపు మండుట సహజము. ఎలాస్టిక్ అను చిన్న కంపెనీ రచనను అమెజాన్ వంటి మహాకంపెనీ అద్దెకిచ్చుకొని లాభము గడించినప్పుడు, ఎలాస్టిక్ 2021లో లైసెన్సు బిగించుటయు అట్టి కోపమువల్లనే. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్సును క్యాన్సరు వ్యాధితో పోల్చెను. అదే మైక్రోసాఫ్ట్ 2018లో స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ వ్రాతలకు గొప్ప భాండాగారమైన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనెను. ద్వేషించిన నాటికంటె ప్రేమించిన నాడే జాగరూకత ఎక్కువ కావలెనను వారున్నారు. మేమంతదూరము పోము.

ఏలన, కంపెనీ సొమ్ము అంటని చోట జరిగిన దేమో మనము చూచియే యున్నాము. ఇంటర్నెట్టులో మన బ్యాంకు లెక్కలు, ఉత్తరములు ఇతరుల కంటబడకుండ కాపాడునది ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను రచన. 2014 ఏప్రిల్‌లో దానిలో హార్ట్‌బ్లీడ్ అను ఘోరమైన లోపము బయటపడినది. అప్పుడుగాని లోకమునకు తెలియలేదు: అంతటి రచనకు సాలునకు వచ్చు చందాలు సుమారు రెండువేల డాలర్లు, పూర్తికాలము దానిపై పనిచేయువాడు ఒక్కడు. కోటానుకోట్ల వర్తకము ఒక్కని మెడపై నిలిచియుండెను. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అను చిన్న రచనలో ఎవడో మాఱుపేరువాడు దొంగదారి త్రవ్వినట్లు బయటపడినది. అలసిపోయిన ఏకైక నిర్వాహకునికి సాయపడువానివలె చేరి, రెండేండ్లకు పైగ నమ్మకముగ నటించి, ఇంటి తాళములు చేజిక్కించుకొనిన దొంగ వాడు. ఆ దొంగతనమును పట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. సర్వరులోనికి ప్రవేశించుటకు అరసెకను ఆలస్య మగుచున్నదేల యని ఆరాతీసిన సూక్ష్మదర్శి. అతడు మైక్రోసాఫ్ట్ జీతగాడే.

కాబట్టి కంపెనీ సొమ్ము విషమని తోసివేయువారితో మేము ఏకీభవింపజాలము. మన దేశమున ఈ చిక్కు క్రొత్తది కాదు. తెలుగు సీమలో చెరువు త్రవ్వించినవానికిని, కట్ట గండిపడకుండ కాపాడువానికిని దశబంధపు ఇనాము ఇచ్చు ఆచార ముండెడిది. ఉమ్మడి సొత్తును కాపాడువానికి కూడు పెట్టవలెనని మన పెద్దలు ఎఱుగుదురు. ఉచితసేవతో కట్ట నిలువదనియు ఎఱుగుదురు. అయితే ఆ ఇనాము కట్టపై మట్టి వేయు షరతుతో కూడినది. ఇనాముదారు తన మాన్యమును దున్నుకొనెను గాని చెరువు తన సొత్తని తూము బిగించుకొని కూర్చుండలేదు. కూలి వేఱు, పట్టా వేఱు. 2014లో సెంటాస్ వారు కూలితోపాటు పట్టాయును వ్రాసియిచ్చిరి. మా వాద మంతయు ఈ భేదముపైననే నిలిచియున్నది.

ఇది పుస్తకములలో మాట గాదు, ఆచరణలో నున్నదే. పోస్ట్‌గ్రెస్ అను దత్తాంశ భాండారము కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1986లో పుట్టి, 1996 నుండి స్వచ్ఛంద సంఘముచేత పోషింపబడుచున్నది. దానిపై పనిచేయువారిలో అధికులు ఏదో యొక కంపెనీ జీతగాండ్రే. కాని దాని ముఖ్యమండలిలో సగముకంటె ఎక్కువమంది ఒకే కంపెనీవారు ఉండరాదను కట్టుబాటు కలదు. అది చాలకాలము కాగితముపై లేని కట్టుబాటు. 2020లో ఎంటర్‌ప్రైజ్ డి.బి. అను కంపెనీ సెకండ్ క్వాడ్రంట్ అను మఱియొక కంపెనీని కొనగా, మండలిలోని అయిదుగురిలో మువ్వురు ఒకే యజమాని కొలువువా రైరి. ఎవరును దురాలోచన చేయలేదు. ఎవరిమీదను అనుమానమును లేదు. అయినను కొద్దినెలలలోనే, ఆ సంవత్సరము నవంబరులో, మండలివారు ఇతర కంపెనీలవారిని ఇరువురిని చేర్చుకొని సంఖ్యను ఏడు చేసిరి. ఆ ఇరువురిలో నొకడు పైజెప్పిన ఫ్రాయిండే. నవంబరులో పోస్ట్‌గ్రెస్ వారు ఈ సవరణ చేసికొనిరి. డిసెంబరులో సెంటాస్ మరణవార్త వచ్చినది. రెండిటను కంపెనీ సొమ్ము కలదు. ఒకదానిలో అధికారము పలువురి చేతులలో నిలిచినది, రెండవదానిలో నిలువలేదు.

పట్టా యను మాట ఇంకను కొంత వివరింపవలసియున్నది. అనేకులు కలిసి వ్రాసిన రచనలో ఎవరి వ్రాతపై వారికే హక్కు ఉండుట ఒక పద్ధతి. లినక్స్ కెర్నెలు అట్టిది. వేలకొలది జనుల హక్కులు అందు పడుగు పేకవలె అల్లుకొనియుండుటచే, టోర్వాల్డ్స్ తానే కోరినను దాని లైసెన్సును మార్పజాలడు. రెండవ పద్ధతిలో, వ్రాసి యిచ్చు ప్రతివాడును ముందుగ నొక పత్రముపై సంతకము చేసి, తన వ్రాతకు ఏ లైసెన్సైనను పెట్టుకొను అధికారమును కంపెనీకి ధారపోయును. సేవాభావముతో పొంగిపోవు యువకుడు ఆ పత్రమును చదువడు. హాషికార్ప్ కంపెనీవారి టెర్రాఫార్మ్ రచన ఈ రెండవ జాతిది. 2023 ఆగస్టులో కంపెనీవారు ఒక్క ప్రకటనతో దానిని స్వేచ్ఛాలైసెన్సు నుండి తప్పించి పోటీదారులకు తలుపు మూసిరి. ఏండ్లతరబడి దానికి దిద్దుబాట్లు పంపినవారిని అడిగిన వా రెవరు? 2025లో ఐ.బి.ఎం. వారే 640 కోట్ల డాలర్లకు హాషికార్ప్‌ను కొనిరి. పుట్ట యెవరిది, పాము ఎవరిది అని అడుగుటకు ఇంతకంటె తగిన ఉదాహరణము లేదు.

వేఱు కాపురము పెట్టుకొను హక్కు ఉన్నది కదా, చింత యేల యని సమాధానము చెప్పువారు కలరు. వారి వాదమునకు బలము కలదు. ఓపెన్ ఆఫీస్ అను వ్రాతపనిముట్టు ఒరాకిల్ చేతిలో పడినప్పుడు, దానిని పోషించువారు 2010 సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ అను స్వతంత్ర సంస్థను స్థాపించుకొని, లిబ్రె ఆఫీస్ అను పేర వేఱుపడిరి. అది వర్ధిల్లుచున్నది, పాతదానిని ఒరాకిల్ మరుసటి యేట అపాచీ వారికి అప్పగించి చేతులు దులుపుకొనెను. మేలు జరిగినది. కాని వేఱు కాపురమునకు ఖర్చు కలదు. క్రొత్త పేరును జనులకు పరిచయము చేయవలెను, సర్వరులు కావలెను, రేయింబవళ్లు కాచుకొను చేతులు కావలెను. 2024లో రెడిస్ లైసెన్సు మారినప్పుడు వాల్కీ అను పేర వేఱుపడినవారికి నెలతిరుగకుండ అండ దొరకినది. ఆ అండ అమెజాన్, గూగుల్, ఒరాకిల్ కంపెనీలది. ఏనుగులు పోరాడుకొనునప్పుడు ఏ యేనుగు నీడనో నిలుచుటను స్వాతంత్ర్య మనవచ్చునా? రెడిస్ మరుసటి సంవత్సరమే మరల స్వేచ్ఛాలైసెన్సును చేర్చుకొనినది. ఏనుగు వెనుకంజ వేసినది ఏనుగులను చూచియే.

ఈ సంగతులతో మన తెలుగువారికి పని యేమి యన్న, పని కలదు. హైదరాబాదున వేలకొలది యువజనులు అమెరికా బ్యాంకులకును, అంగళ్లకును కాపలాగాండ్రై ఈ యంత్రములనే నడుపుచున్నారు. మన భాషయు వీనికి ఋణపడియున్నది. కంప్యూటరుపై తెలుగక్షరములు సరిగ కనబడుటయే అరుదైన దినములలో, 2004లో, లోహిత్ అను అక్షరకూర్పులను స్వేచ్ఛాలైసెన్సుతో లోకమునకు ఇచ్చినది ఈ రెడ్ హ్యాట్ కంపెనీయే. ఎఱ్ఱటోపీవారు ఎఱుపు పేరే పెట్టిరి. అందు తెలుగును కలదు. ఈ మేలును మఱచి మేము పై విమర్శ చేయలేదు. 2011లో లోహిత్‌ను అక్షరకూర్పులకే ఉద్దేశింపబడిన మఱియొక స్వేచ్ఛాలైసెన్సు క్రిందకు మార్చిరి. దానిచే కంపెనీ ఉన్నను పోయినను ఆ అక్షరములను దిద్దుకొను హక్కు మనకు చెడదు. హక్కున్నంత మాత్రమున దిద్దువా డున్నాడా యనునదే ప్రశ్న. ఒక్క ఒత్తు తప్పుగ పడినచో సరిచేయుటకు జీతమిచ్చి నొక మనిషిని నిలుపగల తెలుగు విశ్వవిద్యాలయ మేది?

భారత ప్రభుత్వము 2015లో తన కార్యాలయములలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కే మొగ్గు చూపవలెనని విధానము ప్రకటించినది. మంచిదే. అయితే మన కచేరీలలో ఈ విధానమును ఊరక వచ్చునది గనుక తీసికొనుడను అర్థముననే గ్రహించుట వాడుక. నీరు వాడుకొని కట్టపై తట్టెడు మట్టి వేయనివాడు, తూము కంపెనీ చేతికి పోయినప్పుడు మొఱపెట్టుకొన నర్హుడా? ఒక శాఖ పోస్ట్‌గ్రెస్‌ను వాడుచున్నచో, అది కంపెనీలకు చెల్లింపక మిగుల్చుకొనిన సొమ్ములో నూటికి రెండు రూపాయలు వ్యయపరచి ఇరువురు ఇంజనీర్లను ఆ రచనపైననే పనిచేయ నియోగించుట కష్టము కాదు. హైదరాబాదు కేంద్రముగ స్వేచ్ఛ అను సంస్థ విద్యార్థులలో ఈ భావములను వ్యాపింపజేయుచున్నది. అట్టివారి శ్రమ ఉత్సాహముతో మొదలై పరీక్షలతో ముగియకుండ నిలుపవలసిన భారము కళాశాలలదియు ప్రభుత్వములదియు.

ఇంక మన యువకులకు ఒక్క మనవి. మీరు రాత్రులు మేల్కొని వ్రాసి ఏ రచనకైన ధారపోయుటకు ముందు, దాని లైసెన్సును చూచుటతో తృప్తిపడకుడు. సంతకము చేయుమన్న పత్రమును తుదివఱకు చదువుడు. ఆ రచనయొక్క పేరు ఎవరి పేర రిజిష్టరై యున్నదో విచారింపుడు. పాలకమండలిలో ఎందఱు కూర్చున్నారో, వారి జీతము లెచ్చటనుండి వచ్చుచున్నవో చూడుడు. ఇవన్నియు బహిరంగముగ దొరకు సంగతులే. సెర్న్, ఫెర్మిలాబ్ వారు 2022 డిసెంబరులో తమకు ఆల్మా లినక్సే తగినదని ప్రకటించిరి. ఆల్మా పేరును సొత్తును ఉన్నది సభ్యులు గల యొక లాభాపేక్ష లేని ఫౌండేషను చేతిలో.